ఐస్ డ్యాన్స్ కెరీర్: ఏ విభాగం, ఏ పార్ట్‌నర్, ఏ కోచ్?

ఫిగర్ స్కేటింగ్‌లో జంటగా చేసే విభాగాల్లో ఐస్ డ్యాన్స్ ఒకటి. ఐస్ డ్యాన్సర్ల బూటు కింద ఉండే బ్లేడ్‌ని ఒకసారి దగ్గరగా చూడండి. ఒంటరిగా ఆడే సింగిల్స్ స్కేటర్ల బ్లేడ్ మడమ దాటి వెనక్కి కొంచెం పొడుచుకొచ్చి ఉంటుంది. డ్యాన్స్ బ్లేడ్‌కి ఆ తోక కత్తిరించేసినట్టు ఉంటుంది, దాదాపు మడమ దగ్గరే ఆగిపోతుంది. ఇద్దరి పాదాలు అంత దగ్గరదగ్గరగా కదులుతాయి కాబట్టి, తోక పొడుగ్గా ఉంటే ఒకరి బ్లేడ్ ఇంకొకరి దారిలోకి వచ్చి ఇద్దరూ పడిపోతారు.

ఈ ఆటను కెరీర్‌గా తీసుకోవాలనుకునే పిల్లలకీ, వాళ్ల అమ్మానాన్నలకీ ముందు ఈ బ్లేడ్ సంగతే చెప్పాలనిపిస్తుంది. ఏ విభాగం, ఏ పార్ట్‌నర్, ఏ దేశం, ఏ కోచ్ అనే ప్రశ్నలన్నీ ఆ దగ్గరితనం చుట్టూనే తిరుగుతాయి. అంత దగ్గరగా, అంత వేగంగా, భయం లేకుండా ఇద్దరు కలిసి స్కేట్ చేయడం ఒక్క ఏడాదిలో వచ్చేది కాదు. అందుకే రెండు దారులు ఎదురైనప్పుడు నేను వాడే కొలత ఒకటే: దేనివల్ల ఇద్దరూ కలిసి ఎక్కువ కాలం ఐస్ మీద ఉండగలుగుతారు?

సింగిల్సా, పెయిర్సా, డ్యాన్సా?

కొత్తగా చూసేవాళ్లకి పెయిర్స్, ఐస్ డ్యాన్స్ ఒకేలా కనిపిస్తాయి. రెండింట్లోనూ ఒక జంట, ఒక పాట. కానీ చేయాల్సిన పని పూర్తిగా వేరు. పెయిర్స్‌లో అబ్బాయి అమ్మాయిని తలపైకి ఎత్తాలి, గాల్లోకి విసరాలి, ఇద్దరూ పక్కపక్కనే ఒకేసారి జంప్ చేయాలి. డ్యాన్స్‌లో లిఫ్ట్ చేసేవాళ్ల చేతులు తమ తల కంటే పైకి పోకూడదు. చిన్న లిఫ్ట్ 7 సెకన్లు దాటకూడదు. విసరడాలు, రెండు మూడు చుట్ల జంపులు ఉండవు. ఇక్కడ పరీక్ష అంతా మోకాళ్ల కింద జరుగుతుంది. ఎడ్జ్ (బ్లేడ్ అంచు మీద ఒరిగి సాగే కదలిక) ఎంత లోతుగా ఉంది, మోకాలు ఎంత మెత్తగా వంగుతోంది, ఇద్దరి మధ్య ఖాళీ ఎంత, అడుగు సరిగ్గా బీట్ మీద పడుతోందా అన్నవే చూస్తారు. ట్విజిల్స్‌నే తీసుకోండి. ఒంటికాలి మీద గిర్రున తిరుగుతూనే ముందుకు సాగిపోవాలి, అదీ ఇద్దరూ పక్కపక్కన ఒకే వేగంతో. ఒకరు పావు చుట్టు వెనకబడినా స్టేడియంలో చివరి వరసలో కూర్చున్నవాళ్లకి కూడా తెలిసిపోతుంది.

సీనియర్ పోటీలో రెండు ప్రదర్శనలు ఉంటాయి. 2 నిమిషాల 50 సెకన్ల రిథమ్ డ్యాన్స్‌కి థీమ్‌ను ఆ సీజన్‌కి అంతర్జాతీయ స్కేటింగ్ యూనియనే నిర్ణయిస్తుంది. సుమారు 4 నిమిషాల ఫ్రీ డ్యాన్స్‌కి పాట, కథ అంతా జంట ఇష్టం.

కెరీర్ ఎంతకాలం సాగుతుందో చూస్తే డ్యాన్స్‌దే పైచేయి. 1998లో టారా లిపిన్‌స్కీ 15 ఏళ్లకే మహిళల సింగిల్స్‌లో ఒలింపిక్ స్వర్ణం గెలిచింది. ఇప్పుడైతే సీనియర్ పోటీలకి కనీస వయసు 17. ఐస్ డ్యాన్స్‌లో ఎవాన్ బేట్స్ 2025లో మ్యాడిసన్ చాక్‌తో కలిసి మూడోసారి ప్రపంచ టైటిల్ గెలిచేసరికి అతనికి 36 ఏళ్లు. సింగిల్స్‌లో శరీరం పెరిగేకొద్దీ జంపులు కష్టమవుతాయి. డ్యాన్స్‌లో వయసుతో పాటు వచ్చే ఎడ్జ్ పట్టు, ఒకరి మీద ఒకరికి ఉండే నమ్మకం స్కోరులో కనిపిస్తాయి.

దీనికి రెండో వైపూ ఉంది. డ్యాన్స్‌లో ర్యాంక్ నత్తనడకన పెరుగుతుంది. సింగిల్స్‌లో ఒక పిల్లవాడు వేసవిలో కొత్తగా నాలుగు చుట్ల జంప్ నేర్చుకుంటే తర్వాతి సీజన్‌లో పది స్థానాలు ఎగబాకవచ్చు. డ్యాన్స్‌లో పైస్థాయి జంటలన్నీ లిఫ్ట్, ట్విజిల్స్ లాంటి దాదాపు అవే ఎలిమెంట్లు చేస్తాయి. ఎలిమెంట్ ఎంత కష్టమైనదో చూసి టెక్నికల్ ప్యానెల్ ఇచ్చే లెవెల్, జడ్జీలు మైనస్ 5 నుంచి ప్లస్ 5 దాకా ఇచ్చే నాణ్యత మార్కులు, ఇలాంటివాటిలో చిన్నచిన్న తేడాలతోనే ఫలితం తేలుతుంది. 2018 ఒలింపిక్స్‌లో స్వర్ణానికీ రజతానికీ మధ్య తేడా 0.79 పాయింట్లు. ఇంత సన్నని తేడాల కోసం ఏళ్ల తరబడి ఒకే అడుగును చెక్కే ఓపిక లేకపోతే ఈ విభాగం మనసును పిండేస్తుంది.

జంపులు సరిగా రాని పిల్లల్ని "సరే, డ్యాన్స్‌కి మార్చేద్దాం" అని పంపే అలవాటు చాలాచోట్ల ఉంది. నాకు అది అస్సలు నచ్చదు. జంపులు రాకపోవడం డ్యాన్స్‌కి అర్హత ఎలా అవుతుంది? వార్మప్‌లో మామూలు రౌండ్లు కొడుతున్నప్పుడు పిల్లని గమనించండి. ఇంకెవరూ చూడకపోయినా, ఐస్‌ని తోసుకుంటూ సాగే ఆ సాదా స్ట్రోకింగ్‌ని ఇంకా లోతుగా, ఇంకా చప్పుడు లేకుండా చేయాలని తంటాలు పడుతోందా? పాట వినిపిస్తే అడుగు దానంతట అదే సర్దుకుంటోందా? ఇలాంటి పిల్లకి జంపులు బాగా వచ్చినా సరే, డ్యాన్స్ గురించి అడగండి.

ఆలస్యమైపోయిందేమో అని దిగులు పడేవాళ్లకి డైసుకే తకహాషి కథ చెప్పాలి. 2010లో వాంకూవర్ ఒలింపిక్స్‌లో పురుషుల సింగిల్స్ కాంస్యం, అదే ఏడాది ప్రపంచ టైటిల్ గెలిచిన మనిషి. ముప్పై దాటాక ఐస్ డ్యాన్స్‌కి మారి, కానా మురమోటోతో కలిసి 2022 ఫోర్ కాంటినెంట్స్ (యూరప్ బయటి దేశాల ఛాంపియన్‌షిప్)లో రజతం తెచ్చుకున్నాడు. అయితే ఒకటి గుర్తుంచుకోవాలి. అతని దగ్గర అప్పటికే ప్రపంచంలోనే గొప్ప ఎడ్జ్‌లలో ఒకటి ఉంది, నేర్చుకోవాల్సింది ఇంకొకరితో కలిసి కదలడం. మామూలు స్కేటర్‌కి మాత్రం టీనేజ్ మొదట్లోనే మారడం మేలు.

జంపులు లేవు కదా, గాయాలూ ఉండవులే అనుకోవద్దు. 2010లో ఒక లిఫ్ట్ నుంచి దిగుతున్నప్పుడు అప్పటి పార్ట్‌నర్ బ్లేడ్ తగిలి బేట్స్ మడమ వెనక ఉండే అకిలిస్ టెండన్ (పిక్క కండరాన్ని మడమకి కలిపే పట్టీ) తెగిపోయింది. టెస్సా వర్చూకి పిక్కల దగ్గర కండరాల ఒత్తిడి సమస్యతో 2008లో ఒకసారి, 2010లో ఇంకోసారి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. లోతైన ఎడ్జ్ కోసం గంటల తరబడి మోకాళ్లు వంచే పనికి ఆ మూల్యం ఉంటుంది.

పార్ట్‌నర్: అన్నిటికంటే పెద్ద నిర్ణయం

కోచ్ నచ్చకపోతే మారొచ్చు, పాట నచ్చకపోతే సీజన్ మధ్యలో కూడా మార్చొచ్చు. పార్ట్‌నర్ మారితే మాత్రం దాదాపు మొదటికొస్తారు. అందుకే ఈ భాగం మీద ఎక్కువ చెబుతాను.

చిన్నప్పుడే జత కట్టి చివరిదాకా కలిసి ఉండటం మొదటి దారి. టెస్సా వర్చూ, స్కాట్ మోయర్ 1997లో జతకట్టారు, అప్పటికి ఆమెకి 7, అతనికి 9. 2010లో, 2018లో ఒలింపిక్ స్వర్ణం గెలిచారు. మెరిల్ డేవిస్, చార్లీ వైట్ కూడా 1997లోనే కలిశారు, 2014లో సోచిలో స్వర్ణం గెలిచారు. ఈ దారిలో గొప్ప లాభం, ఇద్దరి శరీరాలూ ఒకే పద్ధతిలో పెరుగుతాయి. నష్టం కూడా అక్కడే ఉంది. పన్నెండేళ్లకి సరిపోయిన జంట పదిహేడేళ్లకి సరిపోకపోవచ్చు. ఒకరు ఒక్కసారిగా ఎత్తు పెరగొచ్చు, ఇంకొకరికి చదువు మీద మనసు పోవచ్చు. చిన్న పిల్లల జంటకి "జీవితాంతం" అనే మాట ముద్ర వేయకండి. ఏడాదికోసారి ఇద్దర్నీ విడివిడిగా కూర్చోబెట్టి, ఇంకా ఇష్టంగానే ఉందా అని అడగండి.

అన్నాచెల్లెళ్లో అక్కాతమ్ముళ్లో జంటగా ఆడటం రెండో దారి. మాయా, అలెక్స్ షిబుతాని 2018లో కాంస్యం గెలిచారు. ఇసబెల్, పాల్ డుషేనే 1991లో ప్రపంచ ఛాంపియన్లు. ఇల్లు ఒకటే, ఖర్చు ఒకటే, జంట విడిపోతుందన్న భయం చాలా తక్కువ. ప్రేమకథ పాటలు వీళ్లకి కుదరవు, కాబట్టి కొరియోగ్రాఫర్ వేరే దారులు వెతకాలి. నా దృష్టిలో అది లోటు కాదు. డుషేనేలు అందరికీ గుర్తుండిపోవడానికి కారణం వాళ్లు వెతుక్కున్న ఆ వేరే దారులే. అసలు కష్టం ఇంకోటి: రింక్‌లో గొడవ అయితే అది అన్నం తినే బల్ల దగ్గరికీ వస్తుంది. ఈ దారి ఎంచుకున్న ఇంట్లో ట్రైనింగ్ మాటలు రింక్ గేటు దగ్గరే ఆపేసే కట్టుబాటు పెట్టుకోవాలి.

వేరే జంట నుంచి విడిపోయి వచ్చినవాళ్లతో కలవడం మూడోది. ఇక్కడ మరీనా అనిసినా కథని మించింది లేదు. ఇల్యా అవెర్‌బుఖ్‌తో కలిసి ఆమె 1990, 1992లో ప్రపంచ జూనియర్ ఛాంపియన్. తర్వాత అతను ఇరీనా లొబచోవాతో స్కేట్ చేయడానికి వెళ్లిపోయాడు. అనిసినా ఊరుకోలేదు, తనకి సరిపోతారనుకున్న విదేశీ స్కేటర్లకి ఉత్తరాలు రాసింది. వాళ్లలో ఫ్రాన్స్‌కి చెందిన గ్వెండల్ పైజెరా ఒకడు. 1993లో ఆమె రష్యా వదిలి ఫ్రాన్స్ వెళ్లింది. 2002 ఒలింపిక్స్‌లో వాళ్లిద్దరికీ స్వర్ణం వచ్చింది. పక్కన రజతం అందుకున్న జంట లొబచోవా, అవెర్‌బుఖ్. ఈ కథలో అందరూ పగ, ప్రతీకారం చూస్తారు. నేను మాత్రం ఆ తొమ్మిదేళ్లు చూస్తాను. ఇద్దరూ మంచి స్కేటర్లే, అయినా ఒలింపిక్ స్వర్ణం దాకా రావడానికి అంతకాలం పట్టింది.

నిజాయితీగా చెప్పాలంటే నా కొలతకి లొంగని ఉదాహరణా ఒకటుంది. ఐదు ప్రపంచ టైటిళ్లు, 2022 ఒలింపిక్ స్వర్ణం గెలిచిన గియోమ్ సిజెరోన్, గాబ్రియెలా పాపడాకిస్‌తో ప్రయాణం ముగిశాక 2025లో లారెన్స్ ఫూర్నియే బోద్రీతో జతకట్టి, ఏడాది తిరగకుండానే 2026 ఒలింపిక్స్‌లో మళ్లీ స్వర్ణం గెలిచాడు. దాన్ని చూసి "పార్ట్‌నర్‌ని మారిస్తే మనకీ అదృష్టం తిరుగుతుంది" అనుకుంటే పొరపాటు. ఇద్దరూ వేర్వేరుగా ఎన్నో ఏళ్లు పైస్థాయిలో స్కేట్ చేసినవాళ్లు. ఆ ఏళ్లు లేకుండా ఆ ఒక్క ఏడాది లేదు.

ఇక ట్రైఅవుట్ సంగతి. కొత్త పార్ట్‌నర్‌ని చూడటానికి వెళ్లినప్పుడు చాలామంది లిఫ్ట్‌లు, ట్విజిల్స్ చేయించి చూస్తారు. అవి నేర్పితే వచ్చేవి. ముందు చేయి చేయి పట్టుకుని ఊరికే నాలుగు రౌండ్లు కొట్టమనండి. మీరు రింక్ చుట్టూ ఉండే బోర్డు పక్కన కళ్లు మూసుకుని నిలబడి వినండి. మంచి ఎడ్జ్ ఐస్‌ని కోసే చప్పుడు లోతుగా, నిండుగా ఉంటుంది, గీరుతున్నట్టు ఉండదు. జంట కుదిరితే నాలుగు పాదాల చప్పుడు రెండు పాదాల చప్పుడులా వినిపిస్తుంది. తర్వాత కళ్లు తెరిచి మోకాళ్లు చూడండి. ఒకరు బాగా వంగి, ఇంకొకరు నిటారుగా ఉంటే, వంగేవాళ్లు ప్రతి అడుగులోనూ ఆగి ఎదురుచూడాల్సి వస్తుంది. ఆ తేడా ఏళ్లు గడిచినా పూర్తిగా పోదు. ఎత్తులో తేడా గురించి మరీ టెన్షన్ పడొద్దు, పట్టు మార్చి చాలావరకు సర్దుకోవచ్చు.

ఒక్క పూటతో తేల్చేయకండి, మూడు రోజులు కలిసి ప్రాక్టీస్ చేయించండి. మూడో రోజు సాయంత్రానికి ఇద్దరూ అలిసిపోయి ఉంటారు. అప్పుడు ఒకరు తడబడితే రెండోవాళ్లు ఏం చేస్తున్నారో చూడండి. చేయి గట్టిగా పట్టుకుని కొనసాగించారా, ఆగి "బాగానే ఉన్నావా?" అన్నారా, లేక కోచ్ వైపు తిరిగి తప్పు తమది కాదన్నట్టు చేతులు తిప్పారా? ఈ మూడోది చూస్తే, ఎంత మంచి టెక్నిక్ ఉన్నా నేను వద్దనే చెబుతాను.

ఐస్ దిగాక మాట్లాడుకోవాల్సినవి మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. ఎన్నేళ్లు ఆడాలనుకుంటున్నారు, ఎవరు ఊరు మారాలి, చదువు ఆపేస్తారా, ఖర్చులు ఎలా పంచుకుంటారు, ఒకరికి గాయమైతే ఇంకొకరు ఎంతకాలం ఆగుతారు. ఇవన్నీ కాగితం మీద పెట్టండి. పార్ట్‌నర్ల మధ్య వయసు తేడా ఎక్కువగా ఉంటే, ముఖ్యంగా ఒకరు మైనర్ అయితే, అమ్మానాన్నలు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ప్రయాణాల్లో, హోటళ్లలో పిల్లతో ఎవరుంటారు, ఇబ్బంది వస్తే కోచ్‌తో సంబంధం లేకుండా ఎవరికి చెప్పుకోవచ్చు అన్నది మొదటి రోజే పిల్లకి తెలిసి ఉండాలి. ఈ ఆటలో స్పర్శ తప్పదు. అందుకే ఏది ఆటలో భాగమో, ఏది కాదో స్పష్టంగా చెప్పాలి. "పార్ట్‌నర్‌షిప్ చెడిపోతుందేమో" అన్న భయంతో ఏ పిల్లా నోరు మూసుకోకూడదు.

ఏ దేశం తరఫున?

మంచి పార్ట్‌నర్ వేరే దేశంలో దొరికితే ఈ ప్రశ్న వస్తుంది. ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో జంటలో ఒకరు ఆ దేశ పౌరులైతే చాలు. ఒలింపిక్స్‌కి మాత్రం ఇద్దరికీ పౌరసత్వం ఉండాల్సిందే. ఎందరివో కలలు ఈ ఒక్క తేడా దగ్గర ఆగిపోయాయి. టానిత్ బెల్బిన్, బెన్ అగొస్టో 2002లో అమెరికా జాతీయ పోటీల్లో రెండో స్థానం తెచ్చుకున్నారు. కానీ కెనడాలో పుట్టిన ఆమెకి పౌరసత్వం లేక ఆ ఒలింపిక్స్‌కి వెళ్లలేకపోయారు. 2005 డిసెంబర్ చివర్లో పౌరసత్వం వచ్చింది, రెండు నెలలు తిరక్కుండానే టురిన్‌లో రజతం గెలిచారు. పైన చెప్పిన ఫూర్నియే బోద్రీ కూడా ఒకప్పుడు డెన్మార్క్ తరఫున ఆడి, పౌరసత్వం రాక 2018 ఒలింపిక్స్‌కి దూరమైంది.

కాబట్టి జత కట్టేముందే ఒక ఇమిగ్రేషన్ లాయర్‌ని కలిసి, ఎన్నేళ్లు పడుతుందో తెలుసుకుని, తర్వాతి ఒలింపిక్స్ తేదీతో సరిచూసుకోండి. దేశం మారేవాళ్లకి పాత ఫెడరేషన్ అనుమతి కావాలి, మధ్యలో పోటీలు లేని కాలమూ గడపాలి.

జంటలు ఎక్కువగా ఉన్న దేశమా, తక్కువగా ఉన్న దేశమా? పెద్ద పోటీలకి ఏ దేశమైనా గరిష్ఠంగా మూడు జంటల్నే పంపగలదు. బలమైన దేశంలో నాలుగో జంటగా ఇంట్లో కూర్చోవడం కంటే, చిన్న దేశం తరఫున ఏటా ప్రపంచ వేదిక ఎక్కడం అనుభవాన్నిస్తుంది, జడ్జీల కళ్లకి అలవాటు చేస్తుంది. కానీ చిన్న ఫెడరేషన్ దగ్గర డబ్బు, డాక్టర్, ఫిజియో లాంటి సాయం తక్కువ ఉండొచ్చు. చేతిలో డబ్బు ఆడితే చిన్న దేశం, ఆడకపోతే పెద్ద దేశం వైపు నేను మొగ్గుతాను.

పెద్ద సెంటరా, ఒక్క కోచ్ దగ్గరా?

ఐస్ డ్యాన్స్‌లో పైస్థాయి అంతా కొన్ని సెంటర్ల చుట్టూ తిరుగుతుంది. ఒకప్పుడు అమెరికాలో మిషిగన్, ఇప్పుడు కెనడాలో మాంట్రియల్. వర్చూ, మోయర్ జంట, డేవిస్, వైట్ జంట చాలా ఏళ్లు మిషిగన్‌లో ఒకే రింక్‌లో, ఒకే కోచ్‌ల దగ్గర నేర్చుకున్నాయి. 2010లో మొదటి జంటకి స్వర్ణం, రెండోదానికి రజతం. 2014లో అవి తారుమారయ్యాయి. రోజూ పొద్దున్నే ప్రపంచంలో అందరికంటే గట్టి ప్రత్యర్థి మీ పక్కనుంచి దూసుకుపోతుంటే బద్ధకించడానికి వీలుండదు. కానీ పతకాల రోజున కోచ్ మనసు ఎవరి వైపు ఉంది అన్న అనుమానం తొలిచేస్తుంది. అది తట్టుకోగలరా లేదా అన్నది స్కేటర్ స్వభావం మీద ఉంటుంది.

పెద్ద సెంటర్ ఎంత మార్చగలదో చెప్పడానికి పాపడాకిస్, సిజెరోన్ చాలు. చిన్నప్పుడు క్లెర్మాంట్ ఫెరాన్‌లో ఆమె తల్లి దగ్గర నేర్చుకున్నారు. 2014 ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో 13వ స్థానం. ఆ ఏడాదే అప్పటి కోచ్ రొమాన్ హగెనౌయర్‌తో పాటు మాంట్రియల్ వెళ్లారు. 2015లో ప్రపంచ ఛాంపియన్లు! ఈ ఆటలో ఇంత వేగం చాలా అరుదు. ఇందులో మాంట్రియల్ పాత్రతో పాటు ఆ తల్లి చిన్నప్పుడు వేసిన పునాది పాత్రా ఉంది. అందుకే నా సలహా: ఎడ్జ్, పట్టు, అడుగులు ముందే నిర్ణయించి ఉండే పాటర్న్ డ్యాన్స్‌లు కుదిరేదాకా, అంటే జూనియర్ వయసు దాకా, రోజూ పిల్లలమీద కన్ను వేసి ఉంచే ఒక్క కోచ్ చాలు. సీనియర్‌కి వచ్చాకే పెద్ద సెంటర్. పదకొండేళ్ల పిల్లల్ని పేరున్న రింక్‌లో చేర్చితే, పెద్ద కోచ్ వారానికి ఇరవై నిమిషాలే దొరుకుతాడు.

డబ్బు గురించి క్లుప్తంగానే చెబుతాను. ఐస్ టైమ్, కోచ్, కొరియోగ్రాఫర్, దుస్తులు, ప్రయాణాలు అన్నీ ఖర్చులే, వచ్చే బహుమతి మాత్రం ఇద్దరికీ పంచాలి. 1984లో సరయేవోలో స్వర్ణం గెలిచిన జేన్ టార్విల్ మొదట ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లర్క్, క్రిస్టఫర్ డీన్ పోలీసు. నాటింగ్‌హామ్ సిటీ కౌన్సిల్ గ్రాంట్ ఇచ్చాకే ఉద్యోగాలు మానేసి పూర్తిగా ఐస్ మీదకి వచ్చారు. పతకాల డబ్బుతో బతకొచ్చన్న లెక్క మీద మాత్రం ఈ కెరీర్ మొదలుపెట్టకండి. చదువో, కోచింగ్ సర్టిఫికెటో ఏదో ఒకటి పక్కన సాగుతూ ఉండాలి.

పోటీలు ఆపేశాక

షోలు, కోచింగ్, కొరియోగ్రఫీ. షోలలో డబ్బు త్వరగా వస్తుంది, ప్రేక్షకుల చప్పట్లూ ఉంటాయి. కానీ నెలల తరబడి ఊళ్లు తిరగాలి, ఒకే కార్యక్రమం పదేపదే చేయాలి. పెద్ద టైటిల్ ఉన్నవాళ్లకి ఇది హాయి. లేనివాళ్లకి బృందంలో ఒకరిగా జీతం ఉంటుంది, అదీ గౌరవమైన పనే.

కోచింగ్‌కి ఒలింపిక్ పతకం అవసరం లేదనడానికి మారీ ఫ్రాన్స్ డుబ్రోయ్, పాట్రిస్ లోజోన్ ఉన్నారు. 2006 ఒలింపిక్స్‌లో లిఫ్ట్ మధ్యలో ఆమె పడి గాయపడటంతో తప్పుకోవాల్సి వచ్చింది. ఒలింపిక్ పతకం వాళ్లకి ఎప్పటికీ దక్కలేదు. ఆ ఇద్దరి మాంట్రియల్ అకాడమీ నుంచే 2018లో స్వర్ణం, రజతం రెండూ వచ్చాయి. కొరియోగ్రఫీ వైపు చూస్తే, 2003 ప్రపంచ ఛాంపియన్ షే లిన్ బోర్న్ తర్వాత యుజురు హన్యు, నేథన్ చెన్ లాంటి సింగిల్స్ ఛాంపియన్లకి ప్రోగ్రాములు తయారుచేసింది. డ్యాన్సర్‌కి తెలిసిన ఎడ్జ్, సంగీతం సింగిల్స్ వాళ్లకీ కావాలి, కాబట్టి ఈ దారిలో పని దొరికే అవకాశం పెద్దది.

ఎవరూ అంతగా తలచుకోని ఇంకో దారి, టెక్నికల్ ప్యానెల్. పోటీ జరుగుతుంటే స్క్రీన్ ముందు కూర్చుని, రీప్లే ఆపి ఆపి, ట్విజిల్‌లో ఎవరి పాదం ముందు ఆగింది, ఎవరి ఎడ్జ్ మారింది అని తేల్చే పని. పేరు, చప్పట్లు రావు. పదిహేనేళ్లు పాదాల్నే చూస్తూ గడిపిన మనిషికి మాత్రం, ఆ రెండు సెకన్లలో ఏం జరిగిందో ఇంకెవరికంటే బాగా తెలుస్తుంది.